తుడిచిన దస్త్రాలు

కంప్యూటరు వాడేవారికి మొదట్లోనే ఒక మంచి అలవాటు నేర్పుతారు. పనికిరాని ఫైళ్లు తీసివెయ్యాలి, తీసివేసినవి చెత్తబుట్టలో పేరుకుపోకుండా అప్పుడప్పుడు బుట్ట ఖాళీ చెయ్యాలి. అప్పుడు యంత్రం శుభ్రంగా వుంటుంది అంటారు. ఇల్లు ఊడ్చుకోవడం లాంటిదే గదా, ఇందులో చర్చ ఏమున్నదని పాఠకులకు అనిపించవచ్చు. అయితే ఇంట్లో ఏది చెత్తో ఇంటివాళ్లే తేల్చుకుంటారు. దస్త్రాలు ఊడ్చేటప్పుడు ఆ తీర్పు ఎవరిదన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

ముందు యంత్రం సంగతి చూద్దాం. ఫైలు తీసివేస్తే అందులోని అక్షరాలు చెరిగిపోతాయని చాలామంది అనుకుంటారు. ఎం.ఎస్.డాస్ రోజుల్లో జరిగినది ఇంత మాత్రమే: డిస్కు మీది పేర్ల పట్టికలో ఆ ఫైలు పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి, అది ఆక్రమించిన జాగాను ఖాళీ కింద లెక్క వేసుకునేది. లోపలి విషయం ఎక్కడిదక్కడే వుండేది. ఆ జాగాలో మరొకటి రాసేదాకా పాతది బతికి వుండేది. ఈ కిటుకు పట్టుకున్న పీటర్ నార్టన్ అనే అమెరికన్, 1982లో పోయిన ఫైళ్లను వెనక్కు తెచ్చే ప్రోగ్రాము రాసి, దాని మీద పెద్ద వ్యాపారమే కట్టాడు. 1983లో ఆపిల్ కంపెనీ తన లీసా యంత్రం తెర మీద చెత్తబుట్ట బొమ్మ పెట్టింది. 1995లో విండోస్ 95తోపాటు మైక్రోసాఫ్ట్ వారి ‘రీసైకిల్ బిన్’ వచ్చింది. బుట్టలో పడ్డ ఫైలు వున్నదీ కాదు, పోయినదీ కాదు; యజమాని నిర్ణయం కోసం వేలాడుతూ వుంటుంది. (ఇప్పటి సాలిడ్ స్టేట్ డిస్కులు ఖాళీ అన్న జాగాను చాలావరకు తామే నిజంగా తుడిచేసుకుంటాయి. అక్కడ పాతవి దొరకడం దుర్లభం.)

అంటే తుడిచివేతలో మూడు దశలున్నాయి: పేరు కొట్టివెయ్యడం, బుట్టలో వేలాడదీయడం, పైన మరొకటి రాయడం. ఈ మూడూ నాకు కంప్యూటరు పుస్తకాలకంటె పటాన్‌చెరు ప్రాంతపు భూముల వల్లనే బాగా అర్థమయినాయి.

పటాన్‌చెరు మండలంలోని లక్డారం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, కంకర క్వారీలు, వాటి నడుమ మిగిలిన చేలు వున్నాయి. ఇటువంటి వూళ్లో దస్త్రం అంటే పహాణీ. పాత పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు వేరే గడి వుండేవి. భూమి ఎవరి పేర వున్నదో ఒకటి చెబితే, దాన్ని దున్నుతున్నది ఎవరో రెండవది చెప్పేది. ఆస్తికీ శ్రమకూ మధ్యనున్న యెడాన్ని ఒకే వరుసలో పక్కపక్కన చూపించిన కాగితం అది.

ఆ రెండవ గడికి బలం ఎవరి దయవల్లా రాలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అన్న మాటను గుర్తించింది. తరువాత చేరిన 38-ఇ సెక్షను అతనికి యాజమాన్యం దక్కే దారి చూపింది. 1954-55 ఖాస్రా పహాణీ నేటికీ తెలంగాణలో భూవివాదాలకు మూలాధారం. వీటి వెనుక 1946-51 సాయుధ పోరాటం వున్నది. ఆ పోరాటంలో రైతులు దొరల గడీల మీద పడి అప్పుపత్రాలనూ దస్తావేజులనూ తగలబెట్టారన్న సంగతి మరువరాదు. అదీ తుడిచివేతే. కాబట్టి తుడిచివేత ప్రతిదీ నేరమని నేను అనను. వెట్టికీ నాగుకూ సాక్ష్యంగా దాచిన కాగితాన్ని వెట్టిచేసినవాడే కాల్చడం ఒక చరిత్ర. సాగుచేసేవాడి పేరును కచేరీలో కూర్చుని కొట్టివెయ్యడం మరొక చరిత్ర.

పాత పహాణీని నెత్తికెత్తుకోవడమూ నా ఉద్దేశం కాదు. పట్వారీ కలం ఎవరి ఇంటి సిరా తాగేదో పల్లెలో అందరికీ తెలుసు. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు కన్నీరు పెట్టిన పేదరైతు వుండి వుండడు.

2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక కార్యక్రమం ప్రారంభించింది. దాని పేరే ‘భూ రికార్డుల ప్రక్షాళన’. కడిగి శుభ్రం చెయ్యడమన్న మాట! తగాదా లేని భూములను పార్ట్-ఎ లోనూ, తగాదా వున్నవాటిని పార్ట్-బి లోనూ చేర్చారు. పార్ట్-బి లో పడ్డ భూమికి కొత్త పాసుపుస్తకం రాదు. భూమి మాత్రం వున్నచోటనే వుంటుంది. నేను పైన చెప్పిన బుట్ట ఇదే. తెల్లకాగితం మీద కొనుక్కున్న సాదాబైనామా రైతుల గతీ ఇంతే: 2020 చివర వారి వద్ద లక్షల దరఖాస్తులు తీసుకున్నారు, హైకోర్టు ఉత్తర్వుతో అవి ఏళ్ల తరబడి నిలిచిపోయినాయి.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. అందులో అనుభవదారు గడి లేదు. తగాదాలకూ లంచాలకూ ఆ గడే కారణమనీ, కౌలు అన్నది భూయజమానికీ కౌలుదారుకూ మధ్య సొంత వ్యవహారమనీ అప్పటి ప్రభుత్వం వాదించింది. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కబ్జా గడి అడ్డం పెట్టుకుని భూములు కాజేసినవాళ్లూ వున్నారు. కాని దొంగ పేర్లు ఏరివెయ్యడానికి గడినే తీసివెయ్యడం, పేలు పట్టాయని తల తీసినట్టున్నది. కౌలుదారు దున్నడం మానలేదు. పట్టికలో అతని పేరు మాత్రం పోయింది.

పేరు పోతే పోయేదేమిటంటే, 2018 మే 10న ప్రారంభమయిన రైతుబంధు సాయం, పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, పట్టాదారుకే అందింది. చెలక బీడుపెట్టి నగరంలో వుండేవాడికి డబ్బు చేరింది. కౌలు కట్టి విత్తినవాడికి చేరలేదు. అదే ఏడు ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే: రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. కౌలురైతు చనిపోతే, దస్త్రం ప్రకారం చనిపోయినది రైతే కాదు. 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణార్హత కార్డు ఇమ్మన్నది. తెలంగాణలో ఆ కార్డుల జారీ దాదాపు ఆగిపోయింది. ఫ్యాక్టరీల వల్ల ధర పెరిగిన యీ ప్రాంతంలో భూయజమాని ఊళ్లో వుండడం అరుదు గనుక దెబ్బ మరింత గట్టిగా తగిలింది.

పేరు కొట్టివేతకూ నిజమైన తుడిచివేతకూ వున్న తేడా అధికారంలో వున్నవారికి బాగా తెలుసు. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మరునాడే రాష్ట్ర స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ మీద 2024 మార్చిలో కేసు నమోదయింది. నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి. ఆరోపణ ‘డిలీట్’ మీట నొక్కారని కాకుండా డిస్కులనే నాశనం చేశారని రావడం గమనించదగినది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి చట్టం మూసివేసిన అప్పీలు దారి మళ్లీ తెరుచుకున్నది. మంచిదే. కాని అప్పీలుకు వెళ్లినవాడు సాక్ష్యం చూపాలి, ఆ సాక్ష్యం పాత పహాణీల్లో వున్నది. ఇక మూడవ దశ, అనగా పైన మరొకటి రాయడం, యీ ప్రాంతంలో శరవేగంగా సాగుతున్నది: చేను మీద ప్లాట్ల హద్దురాళ్లు, షెడ్లు, క్వారీ గుంతలు. గుంత పడ్డ చోట ఎవరు దున్నేవారో మట్టి చెప్పలేదు.

అందుకే మాలో కొందరు ఉపాధ్యాయులం సెలవుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని, రైతుల చేత పాత పహాణీల నకళ్లకు దరఖాస్తులు పెట్టిస్తున్నాం. దరఖాస్తులో సర్వే నంబరు, ఏ సంవత్సరం పహాణీ కావాలో రాయాలి. ఖాస్రా పహాణీతో మొదలుపెట్టి 2017 దాకా వరుసగా అడగడం మేలు. పహాణీ వెడల్పు కాగితం. జిరాక్సు తీసేటప్పుడు అంచు గళ్లు తెగిపోవచ్చు. అనుభవదారు గడి పూర్తిగా పడిందో లేదో అక్కడే చూసుకుని సంతకం, ముద్ర వేయించుకోవాలి.