ఉప్పునీటిలో గేలపు గిలక

సముద్రతీరమున కాపురమున్నవారికి ఉప్పుగాలి చేయు అపకారమును వేరుగా చెప్పనక్కరలేదు. కిటికీ ఊచలు, తలుపు బందులు, సైకిలు గొలుసు, ఏ ఇనుప వస్తువైనను కొలదికాలములోనే త్రుప్పుపట్టును. అట్టిచో సాక్షాత్తు సముద్రజలములో తడియుచు, బలిష్ఠమైన మత్స్యముతో గంటలకొలది పెనుగులాడవలసిన యంత్రము ఎన్నాళ్లు మన్నును? గేలపుకర్రకు బిగించి దారమును చుట్టుటకు, వదలుటకు వాడు గిలక చరిత్రలో అధికభాగము ఈ ప్రశ్నకు సమాధానమే.

గిలక పుట్టుక ప్రాచీనము. చైనాదేశపు చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతమున రచించిన చిత్రములో, చలికాలపు సరస్సుపై చిన్నపడవలో కూర్చున్న జాలరి గేలపుకర్రకు గిలక కానవచ్చును. ఇంగ్లండులో థామస్ బార్కర్ 1651లో ప్రకటించిన గ్రంథమున దీని ప్రస్తావన కలదు. 19వ శతాబ్ది తొలిపాదమున అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జార్జి స్నైడర్ అను గడియారముల పనివాడు, పిడిని ఒక్కమారు త్రిప్పినచో కండె పలుమార్లు తిరుగునట్లు పండ్లచక్రములను అమర్చెను. నదులలోని చేపలకొరకు పుట్టిన ఆ యంత్రము సముద్రమును చేరిననాడు అసలు పరీక్ష ప్రారంభమైనది.

1898 జూన్‌లో కాలిఫోర్నియా తీరమందలి కాటలీనా ద్వీపమువద్ద చార్లెస్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనా చేపను గేలముతో పట్టి కీర్తి గడించెను. ఆనాటి మేలైన గిలకలకు ప్రక్కపలకలు గట్టిరబ్బరుతోను, అంచుపట్టీలు జర్మన్ సిల్వరుతోను చేసెడివారు. పేరునందే గాని ఈ లోహమున వెండి లేదు. రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమమది. ఉప్పునీటికి ఈ పదార్థములు కొంత ఓర్చుకొనెను గాని, మనుజుని చేయి ఓర్చుకొనలేకపోయెను. చేప పరుగెత్తినప్పుడు పిడి వెనుకకు గిరగిర తిరిగి వ్రేళ్ల కణుపులను చితుకగొట్టెడిది. కండెపై తోలుముక్కను బొటనవ్రేలితో అదిమిపట్టుటయే బ్రేకు.

ఈ బాధను తొలగించినవాడు విలియం బోషన్. ఆయన ఊహననుసరించి బ్రూక్లిన్ నగరపు జూలియస్ వామ్ హోఫ్ క్రొత్త గిలకను నిర్మించెను. చక్రములోపల బిళ్లలను పేర్చి, నక్షత్రాకారపు మరతో బిగించిరి. చేప లాగినప్పుడు బిళ్లలు ఒరసికొనుచు దారమును వదలును. పిడి మాత్రము కదలదు. 1913లో బోషన్ ఇట్టి గిలకతోనే 355 పౌండ్ల ఖడ్గమత్స్యమును పట్టెను. కాని ఒరపిడివలన వేడి పుట్టును. వేడికి తోలు మాడును. కావుననే క్రమముగా తోలుబిళ్లల స్థానమును నారబిళ్లలు, ఆ తరువాత కార్బన్ నారబిళ్లలు ఆక్రమించినవి.

1932లో ఆటో హెంజ్ ఫిలడెల్ఫియాలో పెన్ కంపెనీని స్థాపించెను. 1936లో వెలువడిన ఆ కంపెనీ సెనేటర్ గిలక పెద్దచేపల వేటలో ప్రసిద్ధి చెందినది. ఆ కాలపు గిలకల ప్రక్కపలకలకు వాడిన బేకలైటు మన శ్రోతలకు క్రొత్తది కాదు. పాత రేడియోపెట్టెలు అనేకము దానితో చేసినవే. దానికి త్రుప్పు లేదు. క్రిందపడినచో పగులుటయే దాని దోషము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము నారదారము పోయి నైలాను దారము వచ్చినది. తడిసిన నారదారమును ప్రతిదినము ఆరబెట్టవలసిన శ్రమ తప్పినది. అయితే నైలాను సాగు గుణము కలది. సాగిన దారము కండెపై చుట్టుకొనిన పిమ్మట మరల కురచయగుటకు యత్నించును. వందలకొలది చుట్లు ఒక్కమారుగా బిగిసిన ఒత్తిడికి ప్లాస్టిక్ కండెలు పగిలినవి. కనుక లోహపు కండెలు అవసరమైనవి. దారము బలపడగా చట్రము మెలితిరిగి పండ్లచక్రములు సరిగా కలియకపోయినవి. దానితో ఒకే అల్యూమినియం దిమ్మనుండి తొలిచిన చట్రములు, త్రుప్పుపట్టని ఉక్కు చక్రములు వచ్చినవి. పాత గిలకను పారవేయక, ఈ భాగములను మాత్రము మార్చి వాడుకొనువారును కలరు.

ఇచ్చటను సముద్రము ఊరకుండలేదు. అల్యూమినియమును, ఉక్కు మరయును ఒకదానినొకటి తాకుచు ఉప్పునీట తడిసినచో, అది చిన్న విద్యుత్ ఘటమగును. బ్యాటరీలో తుత్తునాగము కరిగిపోవునట్లే ఇచ్చట అల్యూమినియం క్షయించును. అందువలన లోహముపై ఆక్సైడు పొరను విద్యుత్తుచే దట్టము చేయుదురు. మరలకు గ్రీజు పూయుదురు.

ఒక భాగమును బలపరచినకొలది ప్రక్కభాగపు బలహీనత బయటపడుటయే ఈ చరిత్ర సారాంశము. ఇన్ని లోహములు మారినను ఒక్క పని మాత్రము మారలేదు. ఇంటికి వచ్చిన వెంటనే గిలకను మంచినీటితో మెల్లగా కడిగి, తుడిచి, ఆరబెట్టవలెను. ఆ పని మరచినవాని గిలకను ఏ లోహమును కాపాడజాలదు.