చెత్తబుట్టలో పడ్డ ఫైలు ఎక్కడికి పోతుంది?

కంప్యూటర్ తెర మీద ఓ మూల ఒదిగి ఉండే చెత్తబుట్ట బొమ్మను మీరు చూసే ఉంటారు. అక్కర్లేని ఫైలును మౌస్‌తో పట్టుకుని దాని మీదకు లాగి వదిలితే ఫైలు మాయమవుతుంది, ఖాళీ బుట్ట నిండినట్టు కనిపిస్తుంది. ఇంత చిన్న బొమ్మకు చరిత్ర కూడానా అనుకుంటున్నారా? ఉంది, కోర్టు దాకా వెళ్ళిన చరిత్రే. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ బొమ్మ మనకు చెప్పేదానికీ, కంప్యూటర్ లోపల నిజంగా జరిగేదానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియక తమ రహస్యాలను తామే పరాయివాళ్ళ చేతుల్లో పెట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు.

ముందుగా బుట్ట లేని రోజుల సంగతి చూద్దాం. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన డాస్‌లో బొమ్మలు లేవు. నల్లని తెర మీద అక్షరాలే కనిపించేవి. ఒక ఫైలును తీసివేయాలంటే 'డెల్' అని కొట్టి, దాని పక్కన ఫైలు పేరు కొట్టి, ఎంటర్ నొక్కాలి. కంప్యూటర్ మారుమాట లేకుండా ఆ పని చేసేసేది. పొరపాటున వేరే ఫైలు పేరు కొట్టారో, అది కూడా అంతే నిశ్శబ్దంగా పోయేది.

నిజంగా పోయేదా? ఇక్కడే ఉంది అసలు కిటుకు. డిస్కును ఒక గ్రంథాలయం అనుకోండి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే కార్డుల పెట్టె ఒకటి ఉంటుంది కదా! ఒక పుస్తకం అక్కర్లేదనగానే లైబ్రేరియన్ అల్మారా దగ్గరకు వెళ్ళి పుస్తకాన్ని చించివేయడు. దాని కార్డు మీద ఓ గీత కొట్టి, 'ఈ అర ఖాళీ' అని రాసుకుంటాడు, అంతే. డాస్ చేసిన పనీ అచ్చంగా ఇదే. ఫైలు పేరులోని మొదటి అక్షరాన్ని తీసి, ఆ స్థానంలో 229 అనే సంఖ్యను (హెక్సాడెసిమల్ లెక్కలో ఈ5) పెట్టేది. ఆ ఫైలు ఆక్రమించిన చోటంతా ఖాళీ అని పట్టికలో గుర్తు పెట్టుకునేది. ఫైలులోని సమాచారం మాత్రం మరో కొత్త ఫైలు వచ్చి ఆ చోటును ఆక్రమించేదాకా చెక్కుచెదరకుండా అక్కడే ఉండేది.

ఈ సంగతి గ్రహించిన పీటర్ నార్టన్ అనే ప్రోగ్రామర్, పోయిన ఫైళ్ళను తిరిగి తెచ్చే ప్రోగ్రాముతో 1982లో ఏకంగా ఒక వ్యాపారమే మొదలుపెట్టాడు. 1991లో వచ్చిన ఎంఎస్ డాస్ 5లో 'అన్‌డిలీట్' అనే ఆదేశాన్ని మైక్రోసాఫ్ట్ వారే చేర్చారు. ఫైలును వెనక్కి తెమ్మంటే అది ఒక్కోసారి "పేరులో మొదటి అక్షరం ఏమిటి?" అని మిమ్మల్నే అడిగేది. ఎందుకడిగేదో ఇప్పుడు మీరే చెప్పగలరు!

ఇక బొమ్మల సంగతి. కంప్యూటర్ తెరను ఆఫీసు బల్లలా చూపాలన్న ఆలోచన అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. తెర మీది చిన్న బొమ్మలకు 'ఐకాన్' అనే పేరును 1975లో తన స్టాన్‌ఫర్డ్ పరిశోధన గ్రంథంలో వాడిన డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్, ఆ తరువాత అక్కడే పనిచేశాడు. 1981లో విడుదలైన జిరాక్స్ స్టార్ తెర మీద కాగితాలు, ఫోల్డర్లు, ఉత్తరాల ట్రేలు అన్నీ బొమ్మలుగా కనిపించాయి. తీసివేయడానికి మాత్రం కీబోర్డు మీద ప్రత్యేకంగా ఒక మీట ఉండేది.

బల్ల ఉన్నాక దాని కింద బుట్ట లేకపోతే ఎలా? 1983 జనవరిలో యాపిల్ కంపెనీ 9,995 డాలర్ల ధరకు విడుదల చేసిన లీసా కంప్యూటర్ తెర మీద ఆ బుట్ట దర్శనమిచ్చింది. అంత ధర పెట్టి కొనేవాళ్ళు తక్కువ. ప్రజలు ఆ బొమ్మకు అలవాటుపడింది మరుసటి ఏడాది వచ్చిన మెకింటాష్‌తోనే. దాని బొమ్మలు గీసిన సుసాన్ కేర్ ఇంజనీరు కాదు. కళాచరిత్రలో డాక్టరేట్ పొందిన శిల్పి. పాఠశాల రోజుల స్నేహితుడైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ సలహాతో ఆమె మామూలు గ్రాఫ్ పుస్తకంలో గళ్ళు నింపుతూ బొమ్మలు తయారు చేసింది. నిలువునా 32, అడ్డంగా 32, మొత్తం 1,024 గళ్ళు. ఒక్కో గడి తెర మీద ఒక్కో చుక్క. రంగులు లేవు, బూడిద ఛాయలు కూడా లేవు. చుక్క నల్లగానైనా ఉండాలి, తెల్లగానైనా ఉండాలి. గ్రాఫ్ కాగితం తీసుకుని ఆ గళ్ళలో ఒక చెత్తడబ్బాను గీసి చూడండి, అదెంత కష్టమో తెలుస్తుంది. మూత మీద పిడి, ఒంటి మీద నిలువు చారలు ఉన్న ఆ రేకు డబ్బా అమెరికా వీధుల్లో అందరికీ తెలిసినదే. మనలాంటి వాళ్ళకు మాత్రం అది పిండిడబ్బా అన్నా నమ్మేలా ఉంటుంది! ఇంగ్లండులో దానిని చూసి తపాలా పెట్టె అనుకునే ప్రమాదం ఉందని బొమ్మల రూపకల్పన పాఠాల్లో చెబుతుంటారు.

బుట్ట తెచ్చిన అసలు మార్పు ఏమిటంటే, ఒక్క పనిగా ఉన్నదాన్ని అది రెండు పనులుగా విడదీసింది. బుట్టలో వేయడం ఒకటి, బుట్టను ఖాళీ చేయడం మరొకటి. ఈ రెండింటి నడుమ మనసు మార్చుకునే వ్యవధి దొరుకుతుంది. తెలుగులో ఆలోచిస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 'డిలీట్' అన్న మాటకు మనం 'తొలగించు' అంటున్నాం. తొలగించడమంటే ఉన్న చోటు నుంచి పక్కకు తప్పించడమే కదా! పలక మీది రాతను మనం తొలగించం, చెరిపేస్తాం. బుట్టలో వేయడం తొలగించడమే, చెరపడం కాదు. తొలి మెకింటాష్‌లలో ఆ వ్యవధి కూడా పూర్తిగా మన చేతిలో ఉండేది కాదు. మరో ప్రోగ్రాము తెరిచినా, యంత్రం ఆపినా బుట్ట తనంతట తానే ఖాళీ అయిపోయేది. 1991లో సిస్టమ్ 7 వచ్చాకే మనం చెప్పేదాకా ఆగడం నేర్చుకుంది.

అదే మెకింటాష్‌లో ఈ బుట్టకు ఓ విచిత్రమైన పని కూడా అంటగట్టారు. ఫ్లాపీ డిస్కును బయటకు తీయాలంటే దాని బొమ్మను లాగి చెత్తబుట్టలో వేయాలి! కొత్తవాళ్ళు హడలిపోయేవారు, డిస్కులోని ఫైళ్ళన్నీ పోతాయేమోనని. దీని వెనుక కథ ఇది. తొలి యంత్రానికి ఉన్నది ఒకే ఫ్లాపీ డ్రైవు, 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. డిస్కులు మార్చి మార్చి పెట్టవలసి వచ్చేది కనుక, బయటకు తీసిన డిస్కు బొమ్మ కూడా తెర మీద లేత నీడలా మిగిలి ఉండేది. ఆ నీడ వద్దనుకుంటే దాన్ని బుట్టలో వేయాలి. డిస్కు తీయడం, నీడను పారేయడం అనే రెండు పనులనూ ఒకేసారి చేసే అడ్డదారిగా అది మొదలై, చివరికి రాజమార్గమై కూర్చుంది. 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్‌లో డిస్కును లాగగానే బుట్ట బొమ్మ 'బయటకు తీయి' గుర్తుగా మారేలా చేసి ఆ గందరగోళాన్ని తగ్గించారు.

1988 మార్చిలో యాపిల్ సంస్థ మైక్రోసాఫ్ట్, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీల మీద దావా వేసింది, తమ తెర రూపాన్ని కాపీ కొట్టారని. వివాదంలో ఉన్న అంశాలు 189. వాటిలో 179 అంశాలను 1985 నాటి ఒప్పందంలో యాపిల్ తానే మైక్రోసాఫ్ట్‌కు అనుమతించిందని న్యాయస్థానం తేల్చింది. మిగిలినవాటిలో చాలావరకు ఎవరి సొత్తూ కావంది. యాపిల్ వైపు నిలిచిన కొద్ది వాటిలో హ్యూలెట్ ప్యాకార్డ్ వారి న్యూవేవ్ ప్రోగ్రాములోని చెత్తడబ్బా బొమ్మ ఒకటి. చెత్తబుట్ట అన్న ఆలోచన అందరిదీ కావచ్చు గానీ, ఆ డబ్బాను గీసిన తీరు మాత్రం గీసినవాళ్ళదే అన్నమాట. 1995లో సుప్రీంకోర్టు అప్పీలును విచారణకు తీసుకోకపోవడంతో వ్యాజ్యం ముగిసింది.

మిగతావాళ్ళు వేరే బొమ్మలు వెతుక్కున్నారు. స్టీవ్ జాబ్స్ యాపిల్ వదిలాక స్థాపించిన నెక్స్ట్ కంపెనీ తన తొలి రూపంలో ఏకంగా కృష్ణబిలాన్ని పెట్టింది! కాంతి సైతం తిరిగి రాని చోట ఫైలును వేయడానికి ఎవరికి చేతులాడతాయి? తరువాతి రూపంలో దాన్ని తీసేసి 'రీసైక్లర్' పెట్టారు. ఐబీఎం వారి ఓఎస్/2లో 1992 నుంచి కాగితాలను తునకలు చేసే యంత్రం బొమ్మ ఉండేది. నిజం చెప్పాలంటే అది మరీ తప్పుదోవ పట్టించే బొమ్మ. తునకలైనట్టు కనిపించే ఫైలు కూడా డిస్కు మీద కార్డు చెరిగిన పుస్తకంలా మిగిలే ఉండేది.

1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 'రీసైకిల్ బిన్' అన్న పేరు పెట్టింది. బుట్ట మీద ఒకదాని వెంట ఒకటి తిరిగే బాణాలు గీశారు. వస్తువుల పునర్వినియోగానికి గుర్తుగా ఆ మూడు బాణాలను 1970లో ఒక పోటీ కోసం గీసింది గ్యారీ ఆండర్సన్ అనే కాలేజీ విద్యార్థి. నా దృష్టిలో ఇన్ని పేర్లలో ఇదే నిజానికి దగ్గరగా ఉంది, ఎందుకంటే డిస్కు మీది చోటు నిజంగానే మళ్ళీ మళ్ళీ వాడుకలోకి వస్తుంది. బుట్టలో పడ్డ ఫైలు, పేరు మార్చుకుని ఒక రహస్య ఫోల్డరులోకి చేరేది. దాని పాత పేరు, పాత చిరునామా మరో ఫైలులో నమోదయ్యేవి. బుట్ట తనకు కేటాయించిన హద్దు దాటితే అన్నిటికంటే పాతది ముందు పోయేది. ఫ్లాపీలోంచి తీసేసిన ఫైళ్ళు మాత్రం అసలు బుట్టలోకి వచ్చేవే కావు. ఇది తెలియక నష్టపోయినవాళ్ళు తక్కువేమీ కాదు.

సరే, బుట్టను ఖాళీ చేశాక? మళ్ళీ డాస్ కథే. ఎంఐటీకి చెందిన సింసన్ గార్ఫింకెల్, అభి షెలాత్ పాత బజారులో 158 హార్డు డిస్కులు కొని పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రకటించారు. పనిచేసినవి 129. వాటిలో సమాచారం సరిగ్గా చెరిపివేసినవి 12 మాత్రమే! మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి. అమ్మినవాళ్ళలో చాలామంది ఫైళ్ళు పోయాయనే నమ్మి ఉంటారు. బుట్ట ఖాళీగా కనిపించింది మరి!

ఇప్పటి పరికరాల్లో పరిస్థితి కొంత మారింది. తిరిగే పళ్ళేలు లేని సాలిడ్ స్టేట్ డిస్కుల్లో, ఫలానా చోటు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ 'ట్రిమ్' అనే ఆదేశంతో తెలియజేస్తుంది. డిస్కు తీరిక చూసుకుని ఆ భాగాన్ని తుడిచేస్తుంది. అందువల్ల పోయిన ఫైలును తిరిగి రాబట్టడం ఇప్పుడు చాలా కష్టమైంది. రహస్యాలకు ఇది మేలు, పొరపాట్లకు కీడు. ఇటీవలి స్మార్ట్ ఫోన్లలో సమాచారమంతా గుప్తలిపిలో ఉంటుంది. అమ్మే ముందు ఫోన్‌ను మొత్తంగా తుడిచివేయమంటే, ఆ లిపిని విప్పే తాళం చెవిని అది నాశనం చేస్తుంది. పుస్తకాలు ఇంకా అరల్లోనే మిగిలి ఉండవచ్చు, కానీ వాటిని చదవగలిగేవాళ్ళు ఇక ఉండరు.