జన్యు ప్రోబ్‌ల నిర్దిష్టత – కుష్ఠు నిర్ధారణ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

తెలుగునాట కుష్ఠును ‘పెద్దరోగం’ అనడం పాత అలవాటు. వ్యాధి పేరెత్తకుండానే రోగిని ఊరి నుంచి వేరు చేయగలిగిన మాట అది. ఇటువంటి వ్యాధి విషయంలో ‘ఉంది’ అని ఒక పరీక్ష చెబితే ఆ మాట వైద్యుని గదిలో ఆగదు. పెళ్లి సంబంధాల దాకా, పంపకాల దాకా వెళుతుంది. కాబట్టి 1980వ దశకం చివర వచ్చిన జన్యు ప్రోబ్‌లు, పి.సి.ఆర్. పరీక్షల చరిత్రను ప్రయోగశాలకు వెలుపలి నుంచి కూడా చదవవలసి ఉంది.

అందుకు కృష్ణా డెల్టా పశ్చిమ భాగం తగిన క్షేత్రం. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ కుష్ఠు ఆసుపత్రిని నడిపింది. సమీపంలోని స్టూవర్టుపురంలో, ‘నేరస్థ జాతులు’గా ప్రభుత్వం ముద్ర వేసినవారి సెటిల్‌మెంటును నడిపినదీ ఈ సంస్థే. ముద్రపడిన రెండు సమూహాల బాధ్యత ఒకే సంస్థ చేతికి రావడం యాదృచ్ఛికమని కొట్టివేయలేం. తెనాలిలో గ్రేటర్ తెనాలి లెప్రసీ ట్రీట్‌మెంట్ అండ్ ఎడ్యుకేషన్ స్కీమ్ సొసైటీ, అంటే ‘గ్రెట్నాల్టెస్’, ఇదే వ్యాధి కోసం ఏర్పడింది. తెనాలి నుంచి చీలే రైలుమార్గం చివర, డెల్టా అంచున రేపల్లె ఉంది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరగా తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లావారీ రోగగణాంకాలను దీర్ఘకాలిక దృష్టితో చదివే పరిశోధకులు ఈ చీలికను గుర్తుంచుకోవాలి.

పాత నిర్ధారణ కంటిచూపు మీద ఆధారపడింది. 1898 నాటి లెపర్స్ చట్టం వ్రణాలు మొదలైన వ్యక్తినే ‘లెపర్’గా నిర్వచించి, నిరుపేద అయితే వారెంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. అప్పటికే, 1873లో, నార్వేలో హాన్సెన్ కారక బాక్టీరియాను గుర్తించి పాతికేళ్లయింది. చట్టం మాత్రం పుండునే చూసింది.

ఆ బాక్టీరియాను, అంటే మైకోబాక్టీరియం లెప్రేను, కృత్రిమ మాధ్యమంలో పెంచడం నేటికీ సాధ్యపడలేదు. 1960లో షెపర్డ్ ఎలుక పాదంలో దాన్ని వృద్ధిచేయగలిగాడు. 1971లో కిర్చ్‌హైమర్, స్టోర్స్ ఆర్మడిల్లో అనే జంతువులో వ్యాధిని కలిగించగలిగారు. ఒక బాక్టీరియా రెండు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. క్షయ వంటి వ్యాధిలో కొత్త పరీక్షను కల్చర్ ఫలితంతో సరిపోల్చవచ్చు. కుష్ఠులో ఆ కొలబద్ద లేదు. ప్రోబ్‌ల నిర్దిష్టతను తేల్చడంలో అసలు చిక్కు ఇదే.

ప్రోబ్ అంటే గుర్తుపట్టదలచిన జీవి డి.ఎన్.ఏ.లోని ఒక భాగానికి జతగా అమరే చిన్న పోగు. నమూనాలోని డి.ఎన్.ఏ.ను వేడిచేసి రెండు పోగులుగా విడదీసి, పొర మీద నిలిపి, గుర్తు తగిలించిన ప్రోబ్‌ను కలుపుతారు, తరువాత కడుగుతారు. ఈ కడగడమే కీలకం. ద్రావణంలో ఉప్పు ఎక్కువై వేడి తక్కువైతే, అరకొరగా సరిపోలిన పోగులు కూడా అంటుకునే ఉంటాయి. అంటే ‘నిర్దిష్టత’ ప్రోబ్ ఒక్కదాని గుణం కాదు. దాన్ని వాడిన చేతిది కూడా. 1989లో క్లార్క్-కర్టిస్, డోకర్టీ ఈ బాక్టీరియాకే ప్రత్యేకమైన పునరావృత డి.ఎన్.ఏ. క్రమాన్ని వివరించారు. అదే ఏడాది హార్ట్‌స్కీర్ల్ బృందం పి.సి.ఆర్. పద్ధతిని ప్రకటించింది. నిర్దిష్టతను రుజువు చేయడానికి ఇతర మైకోబాక్టీరియాల డి.ఎన్.ఏ.లతో పరీక్షించి, స్పందన రాలేదని చూపాలి. ఆర్మడిల్లో కణజాలం నుంచి తీసిన బాక్టీరియా కనుక ఆ జంతువు డి.ఎన్.ఏ.తోనూ, రోగి చర్మపు నమూనా కనుక మానవ డి.ఎన్.ఏ.తోనూ సరిచూడాలి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పరీక్షించిన జాబితా ఎంతవరకో రుజువు అంతవరకే. ఎన్ని జాతులతో పోల్చారో చెప్పకుండా ‘నూరుశాతం నిర్దిష్టం’ అనడం చరిత్రకారుడు అంగీకరించగల వాక్యం కాదు. మట్టిలో, నీటిలో బతికే మైకోబాక్టీరియాలు అనేకం. 1968లో మొదలైన చెంగల్పట్టు బి.సి.జి. ప్రయోగం, దక్షిణాది గ్రామాల్లో వాటి ప్రభావం ఎంత విస్తృతమో చూపింది. పొలంలో కాళ్లు తడవని రోజు లేని డెల్టా కూలీకి వర్తింపజేసేటప్పుడు పాశ్చాత్య ప్రయోగశాలలోని జాబితా ఏమేరకు సరిపోతుందన్నది న్యాయమైన ప్రశ్న. జాబితా కూడా స్థిరంగా లేదు. 2001లో తమిళనాడు రోగి నుంచి వచ్చిన ‘టి.ఎన్.’ రకం జన్యుపటం వెలువడి, సుమారు 32 లక్షల 68 వేల బేస్ జతలను ముందుంచింది. పోలికలు కంప్యూటరు మీద జరపడం సాధ్యమైంది. 2008లో మైకోబాక్టీరియం లెప్రొమటోసిస్ అనే మరో కారకం వెలుగుచూడడంతో, ‘కుష్ఠుకు ఒకే బాక్టీరియా’ అన్న పూర్వభావనే సవరణకు గురైంది.

బాక్టీరియా పట్ల నిర్దిష్టత వేరు, వ్యాధి పట్ల నిర్దిష్టత వేరు. రోగితో కలిసి ఉండే ఆరోగ్యవంతుల ముక్కు నమూనాలలో కూడా లెప్రే డి.ఎన్.ఏ. కనిపించిన సందర్భాలున్నాయి. అక్కడ ప్రోబ్ పొరపడలేదు. బాక్టీరియా నిజంగానే ఉంది, రోగం లేదు. అయినా ఆ ఫలితం ఇంటికి చేరితే ‘పెద్దరోగం’గానే చేరుతుంది. స్పర్శ లేని మచ్చ, ఉబ్బిన నరం, చర్మపు స్మియర్ – ఈ మూడే నేటికీ క్షేత్రస్థాయి నిర్ధారణకు ప్రాతిపదిక కావడం వెనుకబాటుతనం కాదు, వివేకమే. పి.సి.ఆర్. ఎక్కువగా పరిశోధన కేంద్రాలకూ సందేహాస్పద కేసులకూ పరిమితమైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. దానితో వ్యాధి నయమవుతూ వచ్చినా, 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ‘నయంకాని’ కుష్ఠు విడాకులకు కారణంగా కొనసాగింది. దాన్ని తొలగించిన సవరణ 2019లో వచ్చింది. తొలి పి.సి.ఆర్. పరీక్ష వెలువడిన తరువాత ముప్ఫై ఏళ్లకు.