తొలి తరం విద్యార్థికి ఏ దశలో ఏ అండ

సీటు వస్తే సగం గట్టెక్కినట్టే అని ఊళ్లో అనుకుంటారు. క్యాంపస్‌లో అడుగుపెట్టాక ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘నీ ర్యాంకెంత?’. కులం అడగడానికి అదొక మర్యాదైన దారి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు సబ్జెక్టు కన్నా ఇంగ్లీషులో పరుగెత్తే క్లాసే కష్టం. రెమెడియల్ కోచింగ్ ఇందుకే ఉంది. అయితే రిజర్వేషన్ జాబితా చూసి పేర్లు పిలిస్తే అదే ముద్రవుతుంది, పిల్లలు రావడం మానేస్తారు. ఈ దశలో కావలసింది పక్కన కూర్చుని నోట్స్ చూపించే సీనియర్. ఢిల్లీ ఎయిమ్స్‌పై థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదివితే, దళిత, ఆదివాసీ విద్యార్థులు వేధింపులు భరించలేక హాస్టల్ గదులు మారి ఒకేచోట చేరిన తీరు కనిపిస్తుంది.

మధ్య ఏళ్లలో సమస్య డబ్బు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఫీజు కోసం ఇంటి మీద అప్పు, ఆ దిగులుతో బ్యాక్‌లాగులు. కోర్సు ముగిశాక బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీలూ ఉన్నాయి. ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఈ మాట తెలిసిన విద్యార్థులు తక్కువ.

పరిశోధన దశ వేరు. ఇక్కడ విద్యార్థి భవిష్యత్తు ఒక్క గైడ్ చేతిలో ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేశ్ చనిపోయినప్పుడు బయటపడ్డది ఇదే, గైడ్ కేటాయింపులో జాప్యం. 2016 జనవరిలో చనిపోయిన రోహిత్ వేముల తనకు 7 నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు, రావాలని చివరి లేఖలో రాశాడు. అంతకుముందు అతన్నీ మరో నలుగురినీ హాస్టల్ నుంచి వెలివేస్తే, క్యాంపస్‌లోనే ‘వెలివాడ’ వేసుకున్నారు. పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు నిలదొక్కుకున్నట్టేనని మన సంఘాలు కూడా అనుకుంటాయి. అసలు ఒంటరితనం అక్కడే ఎక్కువ.

ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెప్పాయి. చాలాచోట్ల అది తలుపు మీది బోర్డే. కనుక కొత్త బ్యాచ్ చేరిన వారంలోనే ఆ అధికారి పేరు, గది నంబరు కనుక్కుని హాస్టల్ గోడ మీద రాసిపెట్టండి. గైడ్ కేటాయించకపోయినా, ఫెలోషిప్ ఆగినా ఫిర్యాదు నోటితో వద్దు. రాసిచ్చి, నకలు మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ పనికి ఒక్కరినీ పంపకండి, తోడు వెళ్లండి.