అమెరికాలో ఇంటి జప్తు: గ్రాంటు ఎవరిని ఆదుకుంటుంది? ఖాళీ ఇల్లు ఏమవుతుంది?

ఉద్యోగ నిమిత్తం అమెరికా వెళ్లి, అక్కడే అప్పు చేసి ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఉద్యోగం ఉన్నంతకాలం నెలవాయిదా సాఫీగానే సాగుతుంది. అది పోయిన మరునాటి నుంచి ఆ అప్పే గుదిబండ అవుతుంది. అటువంటి వేళ అక్కడి ప్రభుత్వం ఏ మేరకు ఆదుకుంటుంది, యజమాని వదిలి వెళ్లిన ఇల్లు చివరకు ఏమవుతుంది అన్నవి ఇక్కడి తల్లిదండ్రులు సైతం తెలుసుకోదగిన విషయాలు. 2007 నుంచి అక్కడ అమలైన పథకాలను పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. మనిషి ఇంట్లో ఉండగా అందిన సాయం ఆ కుటుంబాన్ని నిలబెట్టింది. తాళం పడ్డాక వచ్చిన సొమ్ము యజమానికి చేరలేదు. మరమ్మతుకో, కూల్చివేతకో పోయింది.

మాట ఒకటే.. అర్థం వేరు

మన బ్యాంకుల్లో 'ఫోర్‌క్లోజర్' అంటే గడువుకు ముందే అప్పంతా కట్టేసి ఖాతా మూసివేయడం. అమెరికాలో అదే మాటకు అర్థం పూర్తిగా భిన్నం. వాయిదాలు కట్టని ఇంటిని రుణదాత స్వాధీనం చేసుకుని వేలం వేయడాన్ని అక్కడ ఫోర్‌క్లోజర్ అంటారు. ఫోనులో పిల్లలు ఈ మాట అన్నప్పుడు పెద్దలు అప్పు తీరిపోయిందని పొరబడే అవకాశం ఉంది.

జప్తు పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీ, న్యూయార్క్, ఒహాయో, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో రుణదాత న్యాయస్థానంలో దావా వేయాలి. అందుకు చాలా కాలం పడుతుంది. టెక్సాస్, జార్జియాల్లో సాధారణంగా కోర్టు ప్రమేయం ఉండదు. టెక్సాస్‌లో నివాస గృహమైతే బకాయి చెల్లించేందుకు కనీసం 20 రోజులు, ఆపై వేలానికి కనీసం 21 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. నెలలో మొదటి మంగళవారం కౌంటీ కేంద్రంలో వేలం జరుగుతుంది.

రాష్ట్రం ఏదైనా, యజమాని సొంతంగా నివసించే ఇంటి విషయంలో ఒక కేంద్ర నిబంధన 2014 జనవరి నుంచి అమలులో ఉంది. వాయిదా తప్పి 120 రోజులు దాటితేగాని జప్తు ప్రక్రియకు తొలి అడుగు వేయరాదు. వేలానికి 37 రోజులకు పైగా ముందే రుణగ్రహీత సహాయం కోరుతూ పూర్తి వివరాలతో దరఖాస్తు ఇస్తే, దానిని పరిశీలించి తేల్చే వరకు ఇంటిని అమ్మరాదు. అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఈ రక్షణ వర్తించదు.

సంక్షోభంలో పుట్టిన పథకాలు

2007లో గృహరుణాల సంక్షోభం మొదలైనప్పుడు అక్కడి ప్రభుత్వం తొలుత సలహా కేంద్రాలకు నిధులిచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో 18 కోట్ల డాలర్లను 'నైబర్‌వర్క్స్ అమెరికా' సంస్థ ద్వారా కేటాయించారు. బ్యాంకుతో ఎలా మాట్లాడాలి, ఏ పత్రాలు ఇవ్వాలి అన్నది రుణగ్రహీతకు ఉచితంగా చెప్పడమే ఆ కార్యక్రమం ఉద్దేశం.

2008 జులైలో వచ్చిన గృహనిర్మాణ చట్టం కింద 392 కోట్ల డాలర్లతో 'నైబర్‌హుడ్ స్టెబిలైజేషన్ ప్రోగ్రాం' మొదలైంది. 2009లో మరో 200 కోట్లు, 2010లో 100 కోట్ల డాలర్లు దీనికి జతయ్యాయి. పేరు విని ఇళ్లు పోగొట్టుకుంటున్న వారికి ఇచ్చిన సొమ్ము అనుకుంటే పొరపాటు. జప్తు నివారణకు ఈ నిధులు వాడరాదని నిబంధన. రాష్ట్రాలు, నగరాలు అప్పటికే జప్తయి ఖాళీగా ఉన్న ఇళ్లను మార్కెట్ విలువకన్నా తక్కువకు కొని, బాగుచేసి, అల్పాదాయ, మధ్యతరగతి కుటుంబాలకు అమ్మడానికో అద్దెకివ్వడానికో దీనిని ఉద్దేశించారు. శిథిలమైన వాటిని కూల్చడానికీ వీలు కల్పించారు. నిధుల్లో కనీసం 25 శాతం, ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో సగానికి మించని కుటుంబాలకు ఖర్చు చేయాలని షరతు పెట్టారు.

యజమానికే నేరుగా ఊతమిచ్చినది 2010 ఫిబ్రవరిలో ప్రకటించిన 'హార్డెస్ట్ హిట్ ఫండ్'. మొదట అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, మిషిగన్, నెవాడా రాష్ట్రాలకు 150 కోట్ల డాలర్లు ఇచ్చారు. అనంతరం 18 రాష్ట్రాలకు, రాజధాని వాషింగ్టన్‌కు విస్తరించి 760 కోట్లకు, 2016లో 960 కోట్ల డాలర్లకు పెంచారు. ఉద్యోగం పోయిన వారి వాయిదాలను కొన్ని నెలలు కట్టడం, పేరుకుపోయిన బకాయి తీర్చడం, అసలులో కొంత తగ్గించడం ఈ నిధితో చేశారు. పలు రాష్ట్రాల్లో దీనిని వడ్డీలేని అప్పుగా రాసుకుని, కుటుంబం నిర్ణీత కాలం అదే ఇంట్లో ఉంటే మాఫీ చేశారు.

ఊతం నుంచి కూల్చివేతకు

మనుషులను ఇళ్లలో నిలపడానికి పుట్టిన ఈ నిధి కొన్ని రాష్ట్రాల్లో ఖాళీ ఇళ్లను కూల్చడానికి మళ్లింది. 2013 జూన్‌లో మిషిగన్ రాష్ట్రానికి ఇందుకు తొలిసారి అనుమతి లభించింది. డెట్రాయిట్, ఫ్లింట్, పాంటియాక్, సాగినా, గ్రాండ్ ర్యాపిడ్స్ నగరాలకు 10 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒహాయో వెంటనే ఆ దారి పట్టింది.

ఇందుకు కారణం లేకపోలేదు. అక్కడి చలి ప్రాంతాల్లో వేడి ఆగిపోయిన ఇంట్లో నీటి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. దొంగలు రాగి తీగలు, గొట్టాలు పెరికి అమ్ముకుంటారు. పైకప్పు కారి, గోడలకు బూజు పట్టి, కొద్ది కాలంలోనే ఇల్లు పనికిరాకుండా పోతుంది. ఆ వీధిలో మిగిలిన ఇళ్ల విలువ కూడా పడిపోతుంది. సక్రమంగా వాయిదాలు కడుతున్న పొరుగువారు సైతం అమ్ముకోలేని స్థితికి చేరుతారు. 2013 జులైలో డెట్రాయిట్ నగరపాలిక దివాలా ప్రకటించింది. మరుసటి ఏడాది జరిగిన సర్వేలో శిథిలమైనవి, ఆ దశకు చేరుతున్నవి కలిపి 84 వేలకు పైగా కట్టడాలు, స్థలాలు లెక్కతేలాయి. హార్డెస్ట్ హిట్ ఫండ్ నుంచి ఆ నగరానికి కూల్చివేతల కోసం అందినది 25 కోట్ల డాలర్లకు పైమాటే. అది చాలక 2020 నవంబరులో మరో 25 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్లు ఆమోదం తెలిపారు.

కూల్చివేత గుత్తల్లో అక్రమాలూ బయటపడ్డాయి. డెట్రాయిట్‌లో లంచాలకు సంబంధించిన కేసులో 2019లో ఇద్దరు నేరం అంగీకరించారు.

ఖాళీ ఇళ్లకు శాశ్వత వ్యవస్థగా ఏర్పడినవి 'ల్యాండ్ బ్యాంకులు'. ఇవి అప్పులిచ్చే బ్యాంకులు కావు. పన్ను బకాయిల వల్ల, జప్తుల వల్ల ఎవరికీ పట్టకుండా పోయిన ఇళ్లను, స్థలాలను స్వాధీనం చేసుకుని, హక్కు పత్రాల చిక్కులు తొలగించి, తిరిగి వాడుకలోకి తెచ్చే ప్రభుత్వ సంస్థలు. ఫ్లింట్ నగరం గల జెనెసీ కౌంటీ, క్లీవ్‌లాండ్ గల కయహోగా కౌంటీ ఇందుకు పేరొందిన ఉదాహరణలు. న్యూయార్క్ రాష్ట్రం 2016 చట్టంతో భారాన్ని రుణదాతలపై మోపింది. ఖాళీ ఇంటిని సంరక్షించని రుణదాతకు రోజుకు 500 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు.

కోవిడ్ కాలపు నిధి

2021 మార్చిలో కోవిడ్ సహాయ చట్టం కింద 996 కోట్ల డాలర్లతో 'హోమోనర్ అసిస్టెన్స్ ఫండ్' ఏర్పడింది. అన్ని రాష్ట్రాలకూ వర్తించిన ఈ నిధిలో ఒక్కో రాష్ట్రానికి కనీసం 5 కోట్ల డాలర్లు దక్కాయి. సొంతంగా నివసించే ఇంటికే, ఆదాయ పరిమితికి లోబడి సాయం చేశారు. వాయిదా బకాయిలతోపాటు ఆస్తిపన్ను, బీమా బకాయిలకూ చెల్లించారు. చాలా రాష్ట్రాలు ఇప్పటికే దరఖాస్తులు నిలిపివేశాయి. కనుక గ్రాంటు వస్తుందన్న నమ్మకంతో వాయిదాలు ఆపుకోవడం తగదు. ముందుగా ఆయా రాష్ట్ర గృహనిర్మాణ ఆర్థిక సంస్థను విచారించాలి.

తాళం వేసి వచ్చేస్తే..

హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోతే కొత్త యజమానిని చూసుకోవడానికి 2017 నుంచి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంది. జప్తు ప్రక్రియ మొదలు కావడానికి 120 రోజులు పడుతుంది. అంటే బ్యాంకు నోటీసు రాకముందే కుటుంబం దేశం విడవవలసి రావచ్చు. 'ఇల్లు ఎలాగూ బ్యాంకుదే' అని తాళం వేసి వచ్చేయడం మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

వేలం పూర్తయి దస్తావేజు మారే వరకు ఆ ఇల్లు యజమాని పేరిటే ఉంటుంది. బ్యాంకు నోటీసు ఇచ్చి, ప్రక్రియను మధ్యలో ఆపేసిన ఉదంతాలు అనేకం. అటువంటి ఇళ్లను అక్కడ 'జాంబీ' ఇళ్లని పిలుస్తారు. ఆస్తిపన్ను, పెరిగిన గడ్డికి నగరపాలిక వేసే జరిమానాలు పాత యజమాని పేరిటే పేరుకుంటాయి. వేలంలో వచ్చిన సొమ్ము అప్పుకు చాలకపోతే, మిగిలిన దానికి దావా వేసే హక్కు పలు రాష్ట్రాల్లో రుణదాతకు ఉంది.

ఇంతకన్నా మెరుగైన మార్గాలు ఉన్నాయి. అప్పుకన్నా తక్కువ ధర వచ్చినా బ్యాంకు సమ్మతితో అమ్ముకోవడం ఒకటి. దీనిని 'షార్ట్ సేల్' అంటారు. ఇంటిని స్వచ్ఛందంగా బ్యాంకుకు రాసివ్వడం మరొకటి. రెండింటిలోనూ మిగులు బకాయి రద్దు చేసినట్లు లిఖితపూర్వకంగా తీసుకోవడం ముఖ్యం.

మన చట్టంలో..

మన దేశంలో 2002 నాటి సర్ఫేసీ చట్టంలో గ్రాంటు ప్రస్తావన లేదు. గడువు హక్కులే ఉన్నాయి. 90 రోజులకు పైగా బకాయి పడిన ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. ఆపై బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. రుణగ్రహీత అభ్యంతరం తెలిపితే 15 రోజుల్లో సమాధానం చెప్పాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోగా హైదరాబాద్, విశాఖపట్నంలలోని రుణ వసూళ్ల ట్రైబ్యునళ్లను ఆశ్రయించవచ్చు. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు.

గుర్తుంచుకోవలసినవి

* మొదటి వాయిదా తప్పకముందే రుణసంస్థకు ఫోన్ చేసి, వాయిదాల విరామం లేదా రుణ సవరణ కోరాలి.
* అక్కడి గృహనిర్మాణ శాఖ గుర్తించిన సలహాదారులు జప్తు విషయంలో రుసుము లేకుండా సహాయపడతారు.
* 'జప్తు ఆపిస్తాం, ముందు రుసుము కట్టండి' అనేవారిని నమ్మరాదు. అటువంటి సంస్థలు ముందస్తు రుసుము వసూలు చేయడాన్ని 2011 జనవరి నుంచి నిషేధించారు.
* బ్యాంకు, కోర్టు నుంచి వచ్చే ఏ ఉత్తరాన్నీ తెరవకుండా పక్కన పెట్టరాదు. గడువులన్నీ వాటిలోనే ఉంటాయి.
* స్వదేశానికి రాక తప్పకపోతే ఇంటి సంరక్షణకు ఒకరిని నియమించి, ఉత్తరాలు చేరే చిరునామా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి రావాలి.