మీటరు లేని మాడిఫైడ్ జీపుతో రోడ్డెక్కొచ్చా? చట్టం ఏం చెబుతోంది?

పాత జీపు ఒకటి కొన్నారనుకోండి. షెడ్డులో నాలుగు నెలలు ఉంచి ఇంజిన్, గేరుబాక్సు మార్పించారు. పెద్ద టైర్లు వేయించారు, కొత్త రంగు కొట్టించారు. డాష్‌బోర్డు తీసేసి ఉక్కు పలక బిగించారు. అంతా అయ్యాక చూస్తే స్పీడోమీటర్ ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం మిగిలింది. లేదా అక్కడ పాటల సెట్టు వచ్చి కూర్చుంది. ఆ జీపుతో మైదుకూరు సెంటర్ నుంచి ప్రొద్దుటూరు వైపో, కడప వైపో వెళ్తే చట్టం ఒప్పుకుంటుందా?

ఒక్క మాటలో చెప్పాలంటే, ఒప్పుకోదు. వేగం చూపే మీటరు లేకుండా కారుగానీ జీపుగానీ రోడ్డు మీద నడపకూడదు. తిరిగిన కిలోమీటర్లు చూపే ఓడోమీటర్ సంగతి కొంచెం వేరు. ఈ రెంటినీ చాలామంది ఒకటే అనుకుంటారు కాబట్టి విడిగా చూద్దాం.

నిబంధనలో ఏముంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 117వ నిబంధన స్పీడోమీటర్ గురించి. నడిపేవారికి వేగం కనిపించేలా, సరైన చోట బిగించిన మీటరు ప్రతి మోటారు వాహనానికీ ఉండాలని అది చెబుతుంది. మీటరు భారతీయ ప్రమాణం ఐఎస్ 11827కు తగినట్టు ఉండాలి. మినహాయింపు రెండింటికే ఉంది. ఒకటి, దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన చిన్న బండ్లు. రెండు, గంటకు 30 కిలోమీటర్లకు మించి వెళ్లలేని విధంగా తయారైన వాహనాలు. పొలం ట్రాక్టర్లలో చాలావాటికి వేగం కంటే ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరే ముఖ్యం. దాన్ని చూసి 'ట్రాక్టరుకు లేదు కదా, నా జీపుకెందుకు' అని అడిగితే కుదరదు. మీ జీపు 30 దగ్గర ఆగే బండి కాదు.

అసలు మీటరు ఎందుకు పోతుంది?

యజమాని కావాలని పీకేయడం తక్కువే. పాత జీపుల్లో స్పీడోమీటర్ కేబుల్‌తో నడుస్తుంది. గేరుబాక్సు వెనకవైపు తిరిగే షాఫ్ట్ దగ్గర చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది కేబుల్‌ను తిప్పుతుంది, కేబుల్ మీటరు ముల్లును కదుపుతుంది. వేరే కంపెనీ గేరుబాక్సు వేయగానే ఆ కేబుల్ బిగించే చోటు సరిపోదు. పళ్ల లెక్కా కలవదు. మెకానిక్ 'దాంతో పనేముందన్నా, బండి బ్రహ్మాండంగా పోతుంది' అంటాడు. మీటరు కథ అక్కడితో సరి.

మీటరు ఉన్నా అది అబద్ధం చెప్పే సందర్భం ఇంకొకటుంది. మీటరుకు తెలిసింది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్కే, నేల మీద ఎంత దూరం కదిలారో దానికి తెలియదు. 28 అంగుళాల ఎత్తున్న టైర్లు తీసి 31 అంగుళాలవి వేశారనుకుందాం. ఒక్కో చుట్టుకు బండి దాదాపు 11 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది. మీటరు 60 చూపిస్తుంటే మీరు నిజానికి 66 మీద ఉంటారు. 80 చూపిస్తే 88 దాటేసినట్టే. ఓడోమీటర్ కూడా అంతే, 1,000 కిలోమీటర్లు తిరిగితే 900 చిల్లరే రాస్తుంది.

వాహన తయారీదారులు ఇందుకు సరిగ్గా ఎదురు దారిలో వెళ్తారు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, దానికీ హద్దుంది. అసలు వేగం 80 అయితే ముల్లు 80కీ 92కీ మధ్య ఉండాలి. కంపెనీ మీటర్లు ఒకటి రెండు అంకెలు ఎక్కువ చూపడం వెనుక కారణం ఇదే. పెద్ద టైర్లు ఆ రక్షణను తినేస్తాయి.

ఇటీవలి కార్లలో మీటరు పలక తీసేస్తే నష్టం ఇంకా పెద్దది. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో 80 దాటగానే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు వ్యవస్థలో లోపం ఉంటే వెలిగే లైట్లు కూడా ఆ పలకలోనే ఉంటాయి.

పట్టుకుంటే ఏ సెక్షన్?

ఇక్కడ సోషల్ మీడియాలో తిరిగే మాట ఒకటుంది. బండిలో ఏది మార్చినా 5,000 రూపాయలు ఫైన్ అని. అందులో సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలోని వివరాలకు, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. మార్పు అంటే బండి మౌలిక స్వరూపాన్ని మార్చేసేదని కూడా వివరిస్తుంది. అనుమతి లేకుండా చేసే అలాంటి మార్పులకు 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. 2019 జనవరి 9న కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు ఈ 52వ సెక్షన్‌ను గట్టిగానే వివరించింది. తయారీదారు ఇచ్చిన అసలు స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చింది.

మరి స్పీడోమీటర్? అది ఆర్‌సీలో రాసే వివరం కాదు. మీటరు ఒక్కటే లేకపోతే దాన్ని 52వ సెక్షన్ మార్పుగా చూడాలా అన్నది వాదించుకోదగ్గ విషయం. అయితే ఆ వాదన గెలిచినా మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. 117వ నిబంధన నేరుగా వర్తిస్తుంది. దాన్ని ఉల్లంఘిస్తే 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ దొరికితే 1,500 వరకు జరిమానా. రోడ్డు భద్రతా ప్రమాణాలకు విరుద్ధమైన బండి అని అధికారి భావిస్తే 190(2) ఉంది. మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. అక్కడికక్కడే కట్టి వదిలించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

ఇంజిన్ కూడా మార్చి ఉంటే ఆ లెక్క వేరు. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బండి మీదున్న నంబరు కలవకపోతే మీటరు గురించి అడిగే తీరిక బ్రేకు ఇన్‌స్పెక్టరుకు ఉండదు.

'మీటరు లేదు సార్, ఎంత స్పీడో తెలియలేదు'

ఈ జవాబు పనిచేయదు. కారు, జీపు లాంటి తేలికపాటి వాహనం వేగ పరిమితి దాటితే 183వ సెక్షన్ కింద 1,000 నుంచి 2,000 రూపాయలు. రాడార్ గన్ చూపిన అంకె చాలు. మైదుకూరు దగ్గర కలిసే కర్నూలు–చిత్తూరు 40వ నంబరు జాతీయ రహదారి అయినా, నెల్లూరు నుంచి వచ్చే 67వ నంబరు రహదారి అయినా ఇందులో తేడా లేదు. పైగా ఆ జవాబుతో మీటరు లేదని మీరే ఒప్పుకున్నట్టు.

అసలు ఇబ్బంది ప్రమాదం జరిగినప్పుడు వస్తుంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని పరిశీలించి నివేదిక ఇస్తారు. లోపం ముందే తెలిసి, లేదా కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసేదై ఉండి, దానివల్ల ఎవరికైనా గాయమైతే 190(1) కింద మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా ఉంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులుంటే మీ సొంత బండి మరమ్మతు క్లెయిమ్‌ దగ్గర పేచీ మొదలవుతుంది. మార్పు చేసిన రోజే కంపెనీకి రాసి, పాలసీలో నమోదు చేయించుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

ఓడోమీటర్ సంగతేంటి?

117వ నిబంధన మాట్లాడేది వేగం గురించే. తిరిగిన దూరం దాని మాటల్లో లేదు. కాబట్టి వేగం సరిగ్గా చూపిస్తూ కిలోమీటర్ల అంకెలు ఆగిపోయిన పాత మీటరుకు ఆ నిబంధన కింద చలానా రాయడం కష్టం. కానీ అమ్మేటప్పుడు చిక్కుంది. మీటరు తిప్పి, తక్కువ తిరిగిన బండి అని నమ్మించి అమ్మితే అది మోసం. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. కొత్త మీటరు వేయించి ఉంటే పాత అంకె ఎంతో, ఏ తేదీన మార్చారో బిల్లు మీద రాయించి ఉంచుకోండి. నడిపినంతకే ప్రీమియం కట్టే బీమా పథకాలకు ఐఆర్‌డీఏఐ 2022 జులైలో అనుమతి ఇచ్చింది. అలాంటి పాలసీకి తిరిగిన దూరమే ఆధారం.

ఫోన్లో యాప్ పెట్టుకుంటే చాలదా?

చాలదు. నిబంధన అడిగేది బండికి బిగించిన మీటరు. చేతిలో పట్టుకునే ఫోన్‌ను నడిపేటప్పుడు దారి చూసుకోవడానికి మాత్రమే, ఏకాగ్రత చెదరకుండా వాడాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. కేబుల్ దారిలో తెగితే యాప్ చూసుకుంటూ నెమ్మదిగా షెడ్డు దాకా వెళ్లడం ఇంగితం. ఆరు నెలలు అలాగే తిరగడం వేరే విషయం.

గేరుబాక్సు మారిన జీపుకు షాఫ్ట్ దగ్గర సెన్సర్ పెట్టి నడిపే మీటర్లు ఉన్నాయి. కొనేముందు అది ఐఎస్ 11827కు తగినదేనా అని అడగండి. బిగించాక టైరు కొలత ప్రకారం సరిచేయించండి. మీ పరిధిలోని రవాణా కార్యాలయంలో బండి చూపించి అడిగి తెలుసుకోవడం ఇంకా మేలు. పదిహేనేళ్లు దాటిన సొంత బండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి ఎలాగూ అక్కడికి వెళ్లక తప్పదు. కిరాయి బండ్లకైతే ఎఫ్‌సీ పరీక్షలో స్పీడోమీటర్ కూడా ఒక అంశం.

వారాంతంలో జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లి రాళ్ల బాటలో నడుపుకొనే వాళ్లు 'అది రోడ్డు కాదు కదా' అంటుంటారు. జనం వెళ్లడానికి హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. మీ సొంత పొలంలో ఎలా నడుపుకొన్నా అడిగేవారు లేరు. గేటు దాటితే మీటరు ఉండాల్సిందే.

'వింటేజ్ అని రాయించుకుంటే సరి' అనే సలహా కూడా వినిపిస్తుంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికే 2021 నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు వస్తుంది. రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతుల వంటి పనులకు తప్ప రోజువారీ తిరుగుళ్లకు దాన్ని వాడకూడదు. ఇంజిన్ మార్చి, పెద్ద టైర్లు వేసిన జీపు ఆ లెక్కలోకి రాదు.