తుపాకీ చెప్పే సాక్ష్యం

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పెద్దలు నలుగురు కూర్చుని పాత సంగతులు మాట్లాడుకుంటుంటే ఒక మాట వస్తూవుంటుంది. "మా ముత్తాత టిప్పు సుల్తాన్ ఫౌజులో వుండేవాడు. ఆయన తుపాకీ మా ఇంట్లో వుండేది." వినడానికి ఎంతో గొప్పగా వుంటుంది. కాని చరిత్ర రాయాలని కూర్చున్నప్పుడు దీనికి రుజువేమిటని అడగక తప్పదు. అలా అడగడం పెద్దల్ని తప్పుపట్టడం కాదు. వాళ్ళ మాటను నిలబెట్టే ప్రయత్నమే.

ముందు కాలం లెక్క చూద్దాం. సుల్తాన్ షహీదయింది 1799 మే 4న. అప్పటికీ ఇప్పటికీ రెండువందల ఇరవై ఏళ్ళు దాటాయి. ముత్తాతతో ఆ కాలం అందదు, ఇంకా మూడు నాలుగు తరాలు వెనక్కి పోవాలి. అంతమాత్రాన కథ అబద్ధమని కొట్టిపారేయలేం. 1776లో హైదర్ అలీ మురారిరావు చేతిలోంచి గుత్తి కోటను తీసుకున్నాడు. మన సీమ మైసూరు ఏలుబడిలో నడిచింది. 1799 తర్వాత నిజాం చేతికి పోయి, 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో కంపెనీ పాలైంది. కాబట్టి ఇక్కడి వాళ్ళు మైసూరు ఫౌజులో చేరి వుండటం సహజమే. అయితే జరిగి వుండొచ్చు అనడం వేరు, జరిగింది అనడం వేరు.

కొన్ని దేశాల్లో ఈ పని సులువు. అమెరికాలో వించెస్టర్ కార్ఖానావారి పాత ఖాతా పుస్తకాలు కొన్ని కోడీ అనే ఊళ్ళోని మ్యూజియంలో భద్రంగా వున్నాయి. తుపాకీ మీది నంబరు చెబితే ఆ పుస్తకంలో చూసి అది ఏ రకంది, గోదాము నుంచి ఏనాడు బయటికి పోయింది చెబుతారు. అన్ని నంబర్లకూ దొరకదు, పుస్తకాలు మిగిలినంత వరకే.

మరి సుల్తాన్ కార్ఖానాల సంగతి? శ్రీరంగపట్నం, బెంగళూరు, చిత్రదుర్గం, నగర్ ఊళ్ళలో ఆయుధాలు తయారయ్యేవి. వాటిని తారామండలం కార్ఖానాలనేవారు. పనివాళ్ళను పంపమని సుల్తాన్ ఫ్రాన్సు రాజును కూడా కోరాడు. ఆయన రాయబారులు 1788లో పారిస్ చేరారు. ఆయన జాబులు కొన్నింటిని కర్క్‌పాట్రిక్ అనే ఆంగ్లేయుడు ఇంగ్లీషులోకి మార్చి 1811లో అచ్చువేయించాడు. అయినా మన చేతిలోని ఒక్క తుపాకీ పుట్టుక తెలియాలంటే జాబులు చాలవు. ఆ కార్ఖానాలు తమ లెక్కను ఇనుము మీదే రాసిపెట్టాయి. ధర్మవరం నేతగాడు చీర చేతికి రాగానే ముందు అంచూ కొంగూ చూస్తాడు. మనం కూడా ముందు గొట్టమూ చెకుముకి బిగింపూ చూడాలి.

అక్కడ ఏం కనబడతాయి? మంచి తుపాకుల మీద చేసిన ఊరు, ఉస్తాదు పేరు, సంవత్సరం వుంటాయి. హైదర్ పేరులోని అక్షరాలతో వేసిన ముద్ర వుంటుంది. పులిచారల నగిషీ వుంటుంది.

ఎక్కువమంది పొరబడేది సంవత్సరం దగ్గరే. సుల్తాన్ 1787 ప్రాంతంలో కొత్త శకం పెట్టాడు. దాన్ని మౌలూదీ అంటారు. ప్రవక్త వారి జననం నుంచి దాని లెక్క. పైగా అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. తుపాకీ మీద 4221 అని కనబడితే అది 1224. దాన్ని హిజ్రీ అనుకుంటే 1809 అవుతుంది, అంటే సుల్తాన్ పోయిన పదేళ్ళకు! అసలు తుపాకీని నకిలీ అని పారేసే ప్రమాదముంది. మౌలూదీ సంవత్సరానికి 572 కలిపితే 1796 వస్తుంది. అప్పుడు లెక్క సరిపోతుంది.

ఇంకొక సంగతి. శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన మేలైన ఆయుధాలను గెలిచినవాళ్ళు పంచుకున్నారు. చాలా మటుకు ఇంగ్లండు చేరాయి. రాబిన్ విగింగ్టన్ అనే ఆయన వాటిని ఏళ్ళ తరబడి సేకరించి, పరిశీలించి, 1992లో పెద్ద పుస్తకం రాశాడు. 2005లో ఆ సేకరణ లండన్‌లో వేలానికి వచ్చింది. కనుక దర్బారు తుపాకీ మన ఊరి ఇంట్లో దొరకడం అరుదు.

ఇక్కడ దొరికేవాటి మీద హృదయం ఆకారంలో గుర్తు, అందులో ఇంగ్లీషు అక్షరాలు వుంటే అది ఈస్టిండియా కంపెనీ సరుకు. తర్వాతి కాలంలో నిలబడిన సింహం గుర్తు వేశారు. అది చూసి చిన్నబోనక్కరలేదు. ఆ పెద్దమనిషి యుద్ధంలో గెలుచుకున్నాడో, కంపెనీ పటాలంలో జీతానికి పనిచేశాడో, సంతలో కొన్నాడో! అదీ ఒక చరిత్రే. ఏ గుర్తూ లేని జామగి తుపాకీ అయితే మన ఊరి కమ్మరి చేతి పనే అయివుండొచ్చు. ఆ కమ్మరి పనితనం మాత్రం తక్కువా?

సభ్యులకు మా మనవి ఇదే. ఎవరింట్లోనైనా అటువంటి వస్తువుంటే ఇటుకపొడితో, ఉప్పుకాగితంతో రుద్దకండి. ఆ మెరుపుతో పాటు అక్షరమూ పోతుంది, అక్షరం పోతే సాక్షి పోయినట్టే. అన్నివైపులా ఫోటోలు తీయించండి. అక్షరాల మీద పల్చని కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి, ఫార్సీ చదవగల పెద్దలకు చూపించండి. ఇంటి కథను విన్నది విన్నట్టు వేరే కాగితం మీద రాసిపెట్టండి. కథనూ గుర్తులనూ కలిపేయకండి. 1959 నాటి ఆయుధాల చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం వున్నాయి కాబట్టి అమ్మడం, ఊరు దాటించడం వంటి పనులకు ముందు అధికారుల్ని అడగండి.

గుర్తులు కథను బలపరిస్తే అల్‌హందులిల్లాహ్, మన పిల్లలకు రుజువుతో చెప్పుకుంటాం. బలపరచకపోతే నిజమేదో అదే చెప్పుకుందాం. చిన్నదైనా నిజం మనది. ఎరువు తెచ్చుకున్న గొప్ప ఎన్నాళ్ళు నిలుస్తుంది?